దీనా నవల చదివి ఆదికాండము 34 తీస్తే ఎర్ర గుడారమే లేదు, ఏమిటిది?

పరిగె_పాప
అనితా డయమంట్ 'ది రెడ్ టెంట్' (1997) అయిపోయింది. యాకోబు కూతురు దీనా తన కథ తానే చెప్పుకునే తీరు బాగా పట్టేసింది. ఆ ఊపులోనే ఆదికాండము 34 తీస్తే 31 వచనాలే ఉన్నాయి. గుడారం లేదు, మంత్రసాని పని లేదు, ఐగుప్తు ప్రయాణం లేదు. నవల్లో కుర్రాడి పేరు షాలెం, ఇద్దరిదీ ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. బైబిల్లో అతను శెకెము, పట్టుకుని అవమానపరిచాడని ఉంది. ఇలాంటివి చదివేటప్పుడు ఏది వాక్యం, ఏది రచయిత్రి సొంతం అని తేల్చుకునే పద్ధతి ఏమైనా ఉందా? లేక వీటి జోలికి పోకపోవడమే మంచిదా?

వాక్యం_ముందు
పోకండి. ప్రకటన 22:18 చూడండి. వాక్యానికి ఎవరైనా ఏమైనా కలిపితే తెగుళ్ళు వస్తాయని రాసే ఉంది.

గుంటూరు_ఘాటు
మొదటి జవాబులోనే తెగుళ్ళు దించేశారు. టీ అయినా తాగనివ్వండి సార్.

ఆదివారం_టీచర్
ఆ వచనం "ఈ గ్రంథమందున్న ప్రవచన వాక్యములు" అంటూ ప్రకటన గ్రంథం గురించి చెబుతోంది. కథ అల్లడమే తప్పయితే మన క్రిస్మస్ నాటికలు ముందు ఆపాలి. లూకా 2:7లో సత్రంలో స్థలం లేదని మాత్రమే ఉంది. తలుపు తీసి "ఖాళీ లేదు పొండి" అని కసిరే సత్రం యజమాని ఎక్కడా లేడు. మత్తయి 2లో జ్ఞానులు ఎంతమందో చెప్పలేదు, కానుకలు మూడు కాబట్టి మనుషుల్ని కూడా ముగ్గుర్ని చేశాం. ఊరూరా వేదికలెక్కేది ఆ కల్పనే. నవల కనీసం అట్ట మీదే నవల అని ఒప్పుకుంటుంది.

వాక్యం_ముందు
నాటిక పది నిమిషాలు, నవల వారం రోజులు బుర్రలో తిరుగుతుంది. రెండూ ఒకటి కాదు టీచర్ గారూ. నాటిక చూసి ఎవరూ సత్రం యజమాని పక్షం తీసుకోరు. దీనా నవల చదివినవాళ్ళు శెకెము పక్షం తీసుకుంటున్నారు.

అక్షరం_అక్షరం
వాక్యం_ముందు గారి మాటలో పస ఉంది. కానీ ఆ అధ్యాయం మనం అనుకున్నంత సూటిగా లేదు. 34:2 హెబ్రీలో క్రియల వరస ఇది: పట్టుకున్నాడు, ఆమెతో పడుకున్నాడు, అవమానపరిచాడు. ఈ మూడో క్రియ 'ఇన్నా'. దీని అర్థం బలాత్కారమా, లేక కుటుంబం అనుమతి లేకుండా చేసి పరువు తీయడమా అన్నదాని మీద పండితుల వాదన ఇంకా తెగలేదు. దీన్ని 2 సమూయేలు 13:14 పక్కన పెట్టి చూడండి. దావీదు కొడుకు అమ్నోను తన చెల్లెలు తామారుకు చేసిన దాంట్లో "ఆమెకంటె బలవంతుడై" అనే అర్థమిచ్చే క్రియ ముందుగా వస్తుంది, అవమానపరచడం ఆ తర్వాత, పడుకోవడం చివర. దీనా దగ్గర ఆ బలం చూపించే క్రియ లేదు. మళ్ళీ 34:3లో అతని మనసు ఆమె మీదే ఉందని, ఆమెతో ప్రీతిగా మాట్లాడాడని ఉంది. రచయిత్రి దూరింది ఈ సందులోంచే.

అలాగని సందు ఉంది కాబట్టి ప్రేమకథే నిజం అనలేం. అసలు చిక్కు వేరే ఉంది. తామారు నోరు విప్పి వద్దంటుంది, బతిమాలుతుంది, వెళ్ళగొట్టాక ఏడుస్తుంది. దీనా ఆ అధ్యాయంలో ఒక్క మాట కూడా మాట్లాడదు. తండ్రి ఊరుకుంటాడు, శెకెము తండ్రి హమోరు పెళ్ళి బేరమాడతాడు, అన్నలు కపటంగా మాట్లాడతారు, సున్నతి చేయించుకున్న మూడో రోజున షిమ్యోను, లేవీ కత్తులు దూస్తారు. చివరి వచనం కూడా అన్నల ప్రశ్నే. ఆమె ఇష్టం ఏమిటో చెప్పకుండానే అధ్యాయం ముగిసిపోతుంది.

మౌన_పాఠకి
34:26 ఎవరూ పట్టించుకోరు. అన్నలు దీనాను శెకెము ఇంట్లోంచి తీసుకుని వెళ్ళారు. అంటే బేరాలు, సున్నతులు జరిగిన ఆ రోజులన్నీ ఆమె అక్కడే ఉంది. ఇష్టపడి ఉందా, బందీగా ఉందా? ఈ ఒక్క వచనాన్ని నవలాకారులు రెండు వైపులా లాగుతారు.

పరిగె_పాప
మరి గుడారం సంగతి? లేవీయకాండములో ఏదో ఉందన్నారు ఎవరో.

మౌన_పాఠకి
లేవీయకాండము 15:19లో ముట్టయిన స్త్రీ ఏడు రోజులు కడగా ఉండాలని, ఆమెను ముట్టుకున్నవాళ్ళు సాయంత్రం దాకా అపవిత్రులని ఉంది. మన ఊళ్ళల్లో కడగా ఉండటం, బయట చేరడం అనే మాటలు ఎరిగినవాళ్ళకు వెంటనే ఊరవతల పాక కళ్ళకు కడుతుంది. వచనంలో మాత్రం వేరే గుడారం, వేరే గది ఊసే లేదు. పైగా ఆ నియమాలు వచ్చింది సీనాయి దగ్గర, దీనా కథ దానికి ఎంతో ముందుది.

ఆదికాండములోనే ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉంది. 31:33లో లాబాను తన గృహదేవతల కోసం యాకోబు గుడారం, లేయా గుడారం, ఇద్దరు దాసీల గుడారం వెతికి, చివరికి రాహేలు గుడారంలోకి వస్తాడు. రాహేలు వాటిని ఒంటె సామగ్రిలో పెట్టి పైన కూర్చుని, తాను ముట్టుతో ఉన్నానని, లేవలేనని చెబుతుంది. కూర్చున్నది తన గుడారంలోనే. అందరూ కలిసి ఉండే గుడారమే ఉండి ఉంటే, ఆ సాకు చెప్పిన మనిషి అక్కడ ఉండాలి కదా? గుడారం కల్పన. ఆఫ్రికాలో, నేపాల్లో, ఇంకా చాలా చోట్ల ఉన్న ముట్టు గుడిసెల్లాంటి దాన్ని కనానుకు తెచ్చి పెట్టినట్టు. యాకోబు భార్యలు నలుగురూ ఒకచోట చేరి కథలు చెప్పుకోవాలంటే రచయిత్రికి ఒక చోటు కావాలి, అంతే.

గుంటూరు_ఘాటు
రాహేలు నిజంగా ముట్టుతో ఉందా, నాన్నను బురిడీ కొట్టించిందా అన్నది కూడా రాయలేదు. ఆదికాండము మొత్తంలో నాకు నచ్చిన అబద్ధం. నిజమైతే.

తవ్వకాల_తాత
పాప గారు పద్ధతి అడిగారు, ఇదుగో. నవల మొదలుపెట్టకముందే మూల అధ్యాయం రెండుసార్లు చదవాలి. నవల అయ్యాక చదివితే ఆ కళ్ళతోనే చదువుతాం, లేనివి కూడా ఉన్నట్టు కనిపిస్తాయి. తర్వాత నోటు పుస్తకంలో పేజీకి నాలుగు గడులు గీయండి: వాక్యం, సంప్రదాయం, తవ్వకాలు, కల్పన. నవల్లో ఎదురైన ప్రతి పేరు, ప్రయాణం, వస్తువు ఏదో ఒక గడిలో పడాలి. ఎటూ తేలనివి చివరి గడిలో వేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

జనం తప్పేది రెండో గడి దగ్గర. బైబిల్లో లేనిదంతా రచయిత ఊహే అనుకుంటారు. చాలా వాటికి వెయ్యి, రెండు వేల ఏళ్ళ వయసుంటుంది. ఆదికాండము 41:45లో యోసేపు భార్య ఆసెనతు ఐగుప్తు యాజకుడి కూతురు. ఐగుప్తు యాజకుడి కూతురిని పితరుడు ఎలా చేసుకున్నాడని యూదు పెద్దలకు ఇబ్బంది. పాత యూదు వ్యాఖ్యాన గ్రంథం 'పిర్కే ద రబ్బీ ఎలియేజెర్' 38వ అధ్యాయం తేల్చిందేమిటంటే, ఆసెనతు దీనాకు శెకెము వల్ల పుట్టిన బిడ్డ! దీనాను, ఐగుప్తును కలిపే దారి అప్పటికే వేసి ఉంది.

మూడో గడికి ముందుగా చూడాల్సినవి డబ్బు, జంతువులు, కూరగాయలు. రాహాబో రూతో చేతిలో నాణేలు లెక్కపెడితే ఆ రచయిత హోంవర్కు చేయలేదని అర్థం. నాణేలు పుట్టింది క్రీ.పూ. 7వ శతాబ్దంలో లుదియాలో, ఇప్పటి టర్కీ పశ్చిమ భాగం. అంతకుముందు వెండి తూచి ఇవ్వడమే. ఆదికాండము 23:16లో అబ్రాహాము 400 షెకెళ్ళ వెండి తూచి ఇస్తాడు.

కుంచం_తూము
ఇక్కడ మన తెలుగు బైబిల్ వాళ్ళను మెచ్చుకోవాలి. షెకెలును 'తులము' అన్నారు. యూదా షెకెలు రాళ్ళు తూచితే 11 గ్రాముల పైచిలుకు. పాత తులం 11.66 గ్రాములు. ఇంత దగ్గరి మాట ఇంగ్లీషు వాళ్ళకు దొరకలేదు. అబ్రాహాము ఆ వెండితో కొన్న మక్పేలా పొలం ఖరీదు అటూ ఇటుగా నాలుగున్నర కిలోల వెండి. ఇప్పటి బంగారు కొట్టు తులం పది గ్రాములే కాబట్టి దాంతో లెక్కేస్తే తగ్గుతుంది, జాగ్రత్త.

డాలస్_చదువరి
@తవ్వకాల_తాత జంతువులు అంటే ఒంటెల గొడవేనా? రిబ్కా నవలల్లో అన్నిట్లో ఒంటెలు ఉంటాయిగా, బైబిల్లోనూ ఉన్నాయిగా.

తవ్వకాల_తాత
అదే. 2013లో తెలవీవ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరావా లోయలోని రాగి గనుల దగ్గర దొరికిన ఎముకలు పరీక్షించి, అక్కడ సాధు ఒంటెల వాడకం క్రీ.పూ. 10వ శతాబ్దం చివరి భాగంలోనే మొదలైందన్నారు. అబ్రాహాము కాలాన్ని ఎలా లెక్కేసినా దానికి ఎన్నో శతాబ్దాల ముందుది. వేరే ప్రాంతాల్లో ఒంటెలు ముందే తెలుసు, అబ్రాహాము అటునుంచే వచ్చాడు అని వాదించేవాళ్ళూ ఉన్నారు. నవలాకారుడు మూలంలో ఉన్న ఒంటెను తీసేయనక్కర్లేదు. వీధినిండా ఒంటెల బేహారులను నింపకుండా ఉంటే చాలు.

ఒంటెలతో మంచి పరీక్ష ఇంకొకటి. ఆదికాండము 24లో రిబ్కా పది ఒంటెలకు తాగినంత నీళ్ళు తోడుతుంది. బాగా దప్పిక మీదున్న ఒంటె ఒకేసారి 100 లీటర్ల దాకా తాగగలదు. మొత్తం వెయ్యి లీటర్ల దాకా పోవచ్చు. కడవకు పది లీటర్లు పడతాయనుకుంటే, సగం దప్పికే అనుకున్నా యాభై సార్లు బావిలోకి దిగి ఎక్కాలి. ఆమె బావిలోకి దిగి కడవ నింపుకుని ఎక్కి వచ్చిందని 24:16లోనే ఉంది. ఈ పనిని నవ్వుతూ ఒక పేరాలో ముగించిన నవలను నేను అక్కడే మూసేస్తాను. భుజం నొప్పి రాసినవాళ్ళను నమ్ముతాను.

గుంటూరు_ఘాటు
కూరగాయల సంగతి నాకు వదిలేయండి. మిరప, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న నాలుగూ అమెరికా నుంచి వచ్చినవే, 1492కు ముందు ఇటు ఎవరికీ తెలియవు. కనాను పొయ్యి మీద టమాటా పులుసు ఉడికితే పుస్తకం గోడకేసి కొట్టొచ్చు. పాత ఇంగ్లీషు బైబిల్లో 'కార్న్' అంటే ధాన్యం, దాన్ని మొక్కజొన్న పొత్తులు చేసిన బొమ్మల పుస్తకాలు బోలెడు. రూతు మిరపకాయ బజ్జీ తినలేదు, ఒప్పుకోవడం కష్టమే.

కుంచం_తూము
రూతు తిన్నది 2:14లో ఉంది: చిరకలో (పుల్లటి ద్రాక్షరసం) ముంచిన రొట్టె, పేలాలు. తిని కొంత మిగిల్చి అత్తకు తెచ్చింది.

రూతు మీద రాసిన నవలలకు కొలతలే గీటురాయి. పొద్దంతా పరిగె ఏరి, దుల్లకొడితే "దాదాపు తూమెడు యవలు" (2:17). హెబ్రీలో ఏఫా, సుమారు 22 లీటర్లు. యవలు కాబట్టి పదమూడు కిలోలు అనుకోండి. పరిగె ఏరేవాళ్ళకు ఒక రోజులో ఇంత దొరకదు. పొలం యజమాని బోయజు 2:16లో పనివాళ్ళతో పనల్లోంచి కావాలనే లాగి పడేయమన్నాడు కాబట్టి దొరికింది. అత్త నయోమి మూట చూడగానే "ఎక్కడ ఏరుకొంటివి" అనడం అందుకే. ఇది పట్టుకోని నవల్లో నయోమి ఊరికే సంతోషిస్తుంది. పట్టుకున్న నవల్లో ఆమెకు మూట బరువును బట్టే ఎవరో దయ చూపారని తెలిసిపోతుంది.

ఇంకోటి. యవల కోత మొదలు గోధుమల కోత అయ్యేదాకా (2:23) సుమారు ఏడు వారాలు. రూతు బోయజు దగ్గరికి వెళ్ళిన కళ్ళం రాత్రి ఆ చివరన వస్తుంది. రెండో రోజుకే ప్రేమ పుట్టించే నవలలు ఆ ఏడు వారాలను మింగేస్తాయి.

ఆదివారం_టీచర్
కళ్ళం రాత్రి గురించి పిల్లలకు చెప్పడం ఎప్పుడూ ఇబ్బందే. 'కాళ్ళ మీది బట్ట తీసి' అన్న చోట నవలలు ఏం చేస్తాయి?

అక్షరం_అక్షరం
హెబ్రీలో 'కాళ్ళు' కొన్ని చోట్ల మర్యాద కోసం వాడే చాటు మాట. రూతు 3లో కావాలనే రెండర్థాలకూ వదిలారని చాలామంది అంటారు. క్రైస్తవ ప్రచురణల నవలలు అక్షరాలా పాదాలే అంటాయి, బయటి నవలలు ఆ చాటు అర్థం వైపు తోస్తాయి. నాకైతే రెండూ తొందరపాటే. మూలంలో బిగువంతా తేల్చకపోవడంలో ఉంది. తేల్చేసిన నవల్లో ఆ రాత్రి చప్పబడిపోతుంది.

డాలస్_చదువరి
"క్రైస్తవ ప్రచురణల నవలలు", "బయటి నవలలు" అంటున్నారు. కొనేముందు ఎలా తెలుస్తుంది?

మౌన_పాఠకి
మూడు రకాలు అనుకోండి. క్రైస్తవ పాఠకుల కోసం రాసినవి: దేవుడు నిజంగా పని చేస్తాడు, ప్రార్థనలు ఉంటాయి, పడకగది తలుపు మూసే ఉంటుంది, నాయిక చివరికి విశ్వాసంలోకి వస్తుంది. ఫ్రాన్సీన్ రివర్స్ రాసిన ఐదు చిన్న నవలలు (2000-2001) ఈ దారివి. తామారు (యూదా కోడలు, ఆదికాండము 38; పైన వచ్చిన అమ్నోను చెల్లెలు కాదు), రాహాబు, రూతు, బత్షెబ, మరియ. ఈ ఐదుగురే ఎందుకంటే మత్తయి 1 వంశావళిలో వచ్చే ఆడవాళ్ళు ఈ ఐదుగురే. రెండో రకం యూదు మిద్రాషు (లేఖనానికి యూదు పెద్దల వ్యాఖ్యానం) దారి, సందు కనిపిస్తే కథ పెడతారు. మూడోది స్త్రీవాద దారి, మగవాళ్ళు చెప్పిన కథను ఆడమనిషి నోట తిరగరాయడం. మనకిది కొత్త కాదు, ఓల్గా 'విముక్త'కు 2015లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. సీత వెళ్ళి శూర్పణఖతో మాట్లాడితే ఒప్పుకున్న పాఠకులు దీనా నోరు విప్పితే ఎందుకు ఉలిక్కిపడతారో నాకర్థం కాదు.

వెనక అట్ట మీద 'విశ్వాసం', 'కృప' అని ఉంటే మొదటి రకం. 'చరిత్ర మరిచిన స్త్రీ', 'ఇన్నాళ్ళకు ఆమె గొంతు' అని ఉంటే మూడోది. నూటికి తొంభై సార్లు తప్పదు.

వాక్యం_ముందు
ఉలిక్కిపడేది నోరు విప్పినందుకు కాదు మౌన_పాఠకి గారూ. ఆ నోట్లో 1990ల అమెరికా మాటలు పెట్టినందుకు. ప్రతి నాయికా తండ్రిని ఎదిరిస్తుంది, చాటుగా చదువు నేర్చుకుంటుంది, విగ్రహాలను చూసి లోలోపల నవ్వుకుంటుంది. కంచు యుగంలో గొర్రెల మంద వెనక తిరిగే పిల్లకు ఇన్ని ఎక్కడివి?

అక్షరం_అక్షరం
ఇది మాత్రం వంద శాతం. మా వాదనలన్నిటికంటే పనికొచ్చే గీటురాయి మీరే ఇచ్చారు. చాటుగా చదువుకునే నాయిక కనిపిస్తే అనుమానించాలి.

పరిగె_పాప
పైన బత్షెబ పేరు వచ్చింది. మొదలుపెడదామనుకుంటున్నా. అధ్యాయంలో ముందే చూసుకోవాల్సినవి ఏమిటి?

అక్షరం_అక్షరం
మొదటిది మిద్దె. 2 సమూయేలు 11:2లో మిద్దె మీద ఉన్నది దావీదు. ఆమె ఎక్కడ స్నానం చేస్తోందో రాయలేదు. ఆమెను మిద్దె ఎక్కించింది చిత్రకారులు, సినిమాలు. నవల మొదటి పేజీలోనే ఆమె మిద్దె మీద నీళ్ళు పోసుకుంటుంటే, రచయిత మూలం చూడలేదు, బొమ్మలు చూశాడు. 11:4లో అపవిత్రత పోగొట్టుకున్న సంగతి ఉంది, కాబట్టి ఆ స్నానం ముట్టు తర్వాతిదని చాలామంది చదువుతారు. దాంతో కథకు ఇంకో పని కూడా జరుగుతుంది: బిడ్డ ఆమె మొగుడు ఊరియాది కాదని లెక్క తేలిపోతుంది.

రెండోది ఆమె మాటలు. ఆ అధ్యాయంలో ఆమె నోటివెంట వచ్చింది హెబ్రీలో రెండే పదాలు: 'హారా ఆనోఖీ', నేను గర్భవతిని. అదీ కబురే. 1 రాజులు 1కి వచ్చేసరికి అదే మనిషి ముసలి రాజు ముందు నిలబడి కొడుక్కి సింహాసనం అడుగుతుంది. ఈ రెండు చోట్ల మధ్య ఏం జరిగిందన్నదే నవల.

మూడోది తాత. 11:3 ప్రకారం ఆమె ఏలీయాము కూతురు. 23:34లో అహీతోపెలు కొడుకు పేరు ఏలీయాము. ఇద్దరూ ఒకరే అయితే, దావీదు కొడుకు అబ్షాలోము తిరుగుబాటులో దావీదును వదిలి వెళ్ళిన మంత్రి ఆమె సొంత తాత. రుజువు లేదు, పేరు కలవడం మాత్రమే. కానీ మంచి నవలలు దీన్ని వదలవు.

గుంటూరు_ఘాటు
తనను చంపించమని దావీదు రాసిన ఉత్తరం తానే యుద్ధం జరిగే రబ్బాకు మోసుకెళ్ళిన ఊరియా మీద నవల రాదేం? రబ్బా ఇప్పటి అమ్మాన్, యెరూషలేముకు నేరుగా కొలిస్తే 70 కిలోమీటర్లు, మధ్యలో యొర్దాను లోయ దిగి ఎక్కాలి. దారి పొడుగునా చంకలో ఉత్తరం.

ఆదివారం_టీచర్
మత్తయి 1:6 కూడా ఆమె పేరు రాయలేదు, ఊరియా భార్య అంది. దావీదు చేసిన పని వంశావళిలోనే గుచ్చి పెట్టినట్టు. ప్రవక్త నాతాను దావీదుకు చెప్పిన ఉపమానంలో కూడా తప్పు గొర్రెపిల్లను లాక్కున్నవాడిదే, గొర్రెపిల్లది కాదు. బత్షెబను వగలాడిగా చూపించే నవలలకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

కుంచం_తూము
యెరికోలో ఇశ్రాయేలు వేగులవాళ్ళను దాచిన రాహాబు నవలలకు తెలుగు పాఠకులు ఒక సంగతి తెలుసుకోవాలి. యెహోషువ 2:6లో వేగులవాళ్ళను మిద్దె మీద 'జనుపకట్టె'లో దాచిందని మన అనువాదం. హెబ్రీ మాట అవిసె గురించి. మనకు జనుము గోనెలకు, తాళ్ళకు తెలుసు కాబట్టి అనువాదకులు అది వేశారు. అవిసె అయితేనే కథలో కాలం కుదురుతుంది: ఆ లోయలో అవిసె కోసేది వసంతంలో, 3:15లో యొర్దాను గట్లు పొర్లేది కూడా కోతకాలమంతా అని ఉంది. కట్టెలు మిద్దె మీద ఆరబెట్టి ఉన్నాయంటే అప్పుడే కోత మొదలైంది. ఎండాకాలం నడిబొడ్డున యెరికోను నిలబెట్టిన నవలలు ఇక్కడ తప్పుతాయి.

తవ్వకాల_తాత
కాలం అంటే ఇంకా పెద్ద చిక్కుంది. 1952 నుంచి 1958 దాకా యెరికో తవ్విన కాథ్లీన్ కెన్యన్ ఆ ప్రాకారాల పట్టణం క్రీ.పూ. 1550 ప్రాంతంలో నాశనమైందని, యెహోషువకు చెప్పే కాలంలో అక్కడ కోటగోడ పట్టణం లేదని తేల్చారు. అంతకుముందు తవ్విన గార్‌స్టాంగ్ మరోలా అన్నారు. గోడ మీద ఇల్లు, కిటికీలోంచి ఎర్ర దారం లేకుండా రాహాబు నవల నడవదు కాబట్టి ఎవరు రాసినా పాత గోడనే నిలబెట్టాలి. నాకు దాంతో పేచీ లేదు. చివరి మాటలో "ఇదంతా తవ్వకాల్లో రుజువైంది" అని రాస్తేనే పేచీ.

శూషను_సుధ
రాహాబు మొగుడి సంగతి మరిచారు. మత్తయి 1:5లో ఆమె మొగుడు శల్మాను, కొడుకు బోయజు. యూదు సంప్రదాయంలో (తల్మూదు, మెగిల్లా 14బి) ఆమె యెహోషువనే చేసుకుంది! క్రైస్తవ నవలలన్నిట్లో శల్మానే నాయకుడు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫసు ఆమెను వేశ్య అనకుండా సత్రం నడిపే మనిషి అన్నాడు, మర్యాదస్తుల నవలలకు ఆ దారి పనికొచ్చింది. ఒక్క మనిషికి మూడు రకాల జీవితాలు, మూడింటికీ పాత ఆధారమే. తాతగారి రెండో గడి అంటే ఇదే.

డాలస్_చదువరి
హ్యాండిల్ చూస్తే ఎస్తేరు అభిమాని. ఎస్తేరు గురించి చెప్పండి, అందరూ ఆదికాండములోనే తిరుగుతున్నారు.

శూషను_సుధ
అడిగారు, ఇక ఆపలేరు. పర్షియా రాజు అహష్వేరోషు, అంటే మొదటి జర్‌క్సీస్ అని ఎక్కువమంది లెక్క, పాలన క్రీ.పూ. 486-465. మొదటి రాణి వష్తిని పంపేసింది మూడో ఏట (1:3). ఎస్తేరు రాణి అయింది ఏడో ఏట (2:16). మధ్యలో నాలుగేళ్ళు ఖాళీ. ఆ ఖాళీలోనే జర్‌క్సీస్ గ్రీసు మీదకు వెళ్ళాడు, 480లో సలామిసు దగ్గర ఓడిపోయాడు. పుస్తకంలో ఈ యుద్ధం ఊసు లేదు. ఓడి తిరిగొచ్చిన రాజు, అతని ముందుకు పన్నెండు నెలలు (ఆరు బోళం నూనె, ఆరు సుగంధాలు, 2:12) తయారైన అమ్మాయి. నవలాకారులు ఇక్కడ పండగ చేసుకుంటారు, చేసుకోవాలి కూడా.

చిక్కేమిటంటే గ్రీకు చరిత్రకారుడు హెరోడోటసు రాణి పేరు అమెస్త్రిస్ అంటాడు. పైగా పర్షియా రాజు ఏడు పెద్ద కుటుంబాల్లోంచే భార్యను తెచ్చుకోవాలన్న ఒప్పందం కూడా చెబుతాడు. కొందరు అమెస్త్రిస్ అంటే వష్తే అంటారు. అలా కలిపిన నవలల్లో వష్తి వెళ్ళిపోయాక కూడా తెర వెనక ఉంటుంది, ఎస్తేరుకు అసలు శత్రువు యూదులను చంపించాలని చూసిన మంత్రి హామాను కాదు, ఆవిడ.

మనవాళ్ళకు ఒక ముచ్చట. 1:1లో హిందూదేశం నుంచి కూషు దాకా 127 సంస్థానాలు. 1:6లో శూషను కోటలో వేలాడిన తెరల్లో ఒక దానికి హెబ్రీ మాట 'కర్పస్', మన కార్పాసమే, పత్తి. విందు మందిరంలో పట్టు తెరలే వేసి పత్తి మరిచిన నవలలు బంగారం లాంటి వివరం పారేసుకున్నాయి.

వాక్యం_ముందు
హెబ్రీ ఎస్తేరులో దేవుని పేరు ఒక్కసారీ రాదు. నవలల్లో మాత్రం ఆమె పేజీకోసారి ప్రార్థిస్తుంది. ఇది మీకెలా ఉంది?

శూషను_సుధ
ఆ ప్రార్థన కూడా పాతదే. గ్రీకు అనువాదంలో ఆరు అదనపు భాగాలున్నాయి, అందులో ఎస్తేరు, ఆమెను పెంచిన మొర్దెకై ఇద్దరి ప్రార్థనలూ ఉన్నాయి. కథోలిక బైబిల్లో దొరుకుతాయి. ప్రొటెస్టెంటు బైబిల్ 66 గ్రంథాలు, కథోలిక బైబిల్ 73. యూదితు, సూసన్న నవలలు చదివేవాళ్ళు కూడా అక్కడే చూడాలి, సూసన్న దానియేలు 13లో ఉంటుంది. సగం మంది "ఇది బైబిల్లోనే లేదు" అని గొడవ పెట్టుకునేది ఈ తేడా తెలియకే.

ఆదివారం_టీచర్
కొత్త నిబంధనలో ఎక్కువ నవలలు మగ్దలేనే మరియ మీదే, ఎక్కువ తప్పులూ అక్కడే. ఆమె వేశ్య అని ఏ సువార్తలోనూ లేదు. లూకా 8:2లో ఏడు దయ్యాలు వదిలిన స్త్రీ, అంతే. లూకా 7లో పేరులేని పాపాత్మురాలిని, బేతనియ మరియను, ఈమెను ఒకరిగా కలిపింది 591లో పోపు మొదటి గ్రెగరీ ప్రసంగం. 1969లో కథోలిక క్యాలెండరు సవరణలో విడదీశారు, 2016లో జూలై 22ను ఆమె పేరున పెద్ద పండుగ చేశారు. నవల ఏ పోలికను నమ్ముకుందో మొదటి అధ్యాయంలోనే తెలుస్తుంది: ఆమె చేపలు ఉప్పువేసే ఊళ్ళో కనిపిస్తే చదివి రాసినవాళ్ళు, ఎర్ర బట్టల్లో సందులో కనిపిస్తే 591 దగ్గరే ఆగినవాళ్ళు. మగ్దలాకు గ్రీకులో తారికేయ అని పేరు, ఉప్పు చేపల ఊరు. 2009లో అక్కడ మొదటి శతాబ్దపు సమాజమందిరం కూడా బయటపడింది.

గుంటూరు_ఘాటు
ఉప్పు చేపల వ్యాపారం చేసే మరియ. మచిలీపట్నం వాళ్ళు ఆమెను వెంటనే సొంతం చేసుకుంటారు.

మౌన_పాఠకి
లూకా 8:3లో ఆ పక్కనే యోహన్న ఉంది, హేరోదు గృహనిర్వాహకుడు కూజా భార్య. బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించిన వాడి కొలువులో మొగుడు, ఆ జీతంలోంచే యేసు బృందానికి ఖర్చు. మగ్దలేనేను వదిలి ఈమె మీద రాసేవాళ్ళు ఇంకా ఎక్కువ ఉండాలి.

డాలస్_చదువరి
పెద్దది ఏదైనా చెప్పండి, సెలవులకు.

అక్షరం_అక్షరం
థామస్ మన్ 'జోసెఫ్ అండ్ హిజ్ బ్రదర్స్', నాలుగు సంపుటాలు, 1933-1943. పేరు యోసేపుదే గానీ మూడో సంపుటిలో యోసేపు యజమాని పోతీఫరు భార్య ఉంది చూశారా, బైబిల్లో పేరు కూడా లేని ఆవిడకు ముత్-ఎమ్-ఎనెత్ అని పేరు పెట్టి, ఆమె పిచ్చి ఎలా మొదలై ఎలా ముదిరిందో వందల పేజీలు రాశాడు. ముస్లిం సంప్రదాయంలో ఆమే జులేఖా, 15వ శతాబ్దంలో జామీ పారశీకంలో ఆమె ప్రేమను కావ్యం చేశాడు. చివరి సంపుటిలో యూదా కోడలు తామారుకు కూడా ఒక అద్భుతమైన భాగం ఉంది. మొదటి సంపుటికి ముందున్న ఉపోద్ఘాతం దగ్గర చాలామంది చతికిలపడతారు. దాన్ని దాటేసి మొదలుపెట్టి, చివర్లో వెనక్కి వచ్చినా నష్టం లేదు.

వాక్యం_ముందు
పాప గారికి నా మాట మారలేదు, కానీ ఎలాగూ చదువుతారు కాబట్టి ఒకటి. నవల వల్ల కొత్తగా నేర్చుకున్నది ఎక్కడా ప్రసంగంలో, బైబిల్ తరగతిలో వాడకండి, వచనం చూపించగలిగితే తప్ప. 'ది రెడ్ టెంట్'లో ఉన్నట్టు లేయా కళ్ళు వేరువేరు రంగులు అని బోధించేస్తారు ఎవరో ఒకరు. ఆదికాండము 29:17లో ఉన్న ఒక్క హెబ్రీ విశేషణానికి అనువాదకులే జబ్బు అని, మృదువు అని రెండుగా చీలారు.

తవ్వకాల_తాత
దీనికి నా సంతకం కూడా వేసుకోండి.

పరిగె_పాప
నాలుగు గడులు గీసి ఆదికాండము 34 మళ్ళీ చదివా. దీనా తనంతట తాను చేసిన పని మొదటి వచనంలోనే ఉంది: ఆ దేశపు కుమార్తెలను చూడ్డానికి బయటికి వెళ్ళింది. అక్కడి నుంచి అన్నీ ఆమెకు జరిగినవే, ఆమె చేసింది ఇంకేమీ కనపడలేదు. వాక్యం గడిలో ఒక్క వరసే వచ్చింది. అక్షరం_అక్షరం గారూ, సరిగ్గానే చూశానా?

అక్షరం_అక్షరం
సరిగ్గానే చూశారు. ఇప్పుడు అదే పని బత్షెబ అధ్యాయానికి చేయండి, 11:4, 11:5, 11:26 దగ్గర ఆగి చూడండి. వరసలు కొంచెం పెరుగుతాయి.